పది సెకన్లు

ఏటుకూరు బైపాస్ పక్కన, కోల్డ్ స్టోరేజీల వెనక
నల్లరేగడి చదును చేసి వేసిన ట్రాకు.
గాలి ఇటు తిరిగితే మిరప ఘాటు.
హెల్మెట్ల లోపల కూడా దగ్గుతారు కుర్రాళ్ళు.

నన్నెందుకు పిలిచారంటే
బెజవాడ ఆటోనగర్లో, మూడో క్రాస్ రోడ్డు చివర
ముప్పై ఒక్క ఏళ్ళుగా కార్ల సొట్టలు తీస్తున్నాను.
కెమెరా ఒక పక్కే చూస్తుంది మేస్త్రీ,
రేకు అబద్ధమాడదు కదా అన్నారు.
ఒక టోపీ ఇచ్చారు, రెండు మజ్జిగ ప్యాకెట్లు,
నీడలో ఒక కుర్చీ.

ఏడో మలుపు. ఇంకా రెండు రౌండ్లే.
ఏసుపాదం లోపలి గీత పట్టుకున్నాడు.
వెనకే వంశీధర్.
ధన్‌మని ఒక్క చప్పుడు, ఆ తర్వాత దుమ్ము.
దుమ్ము దిగేసరికి
ఒక బండి గెలుపు వైపు పోతోంది,
ఒక బండి టైర్ల గోడలో ఇరుక్కుని ఆవిరి కక్కుతోంది.

"బ్రేకు కొట్టా బాబాయ్, పట్టలేదు."
చెమట తుడుచుకుంటూ అన్నాడు వంశీధర్.
నేను వంగి ఏసుపాదం బండి వెనక రేకు తడిమాను.

బ్రేకు కొట్టిన బండి ముక్కు దించుతుంది,
కాలవలో నీళ్ళకు వంగిన గేదెలాగా.
దాని దెబ్బ కిందే పడాలి.
ఇది పైన పడింది. బెత్తెడు పైన.
తలెత్తుకుని వచ్చిన దెబ్బ.
నా బొటనవేలికి ముందు తెలిసింది,
నోటికి తర్వాత.

కమిటీ పుస్తకం తీసింది. కావాలని తాకితే పది సెకన్లు.
వంశీధర్ గెలిచింది పద్నాలుగు సెకన్ల తేడాతో.
పది పోయినా నాలుగు మిగిలాయి.
తప్పు కొనుక్కుంటే
చిల్లర కూడా వెనక్కి వచ్చింది.

పోయినేడు ఇదే పుస్తకం, ఇదే పేజీ.
బ్రేకాయిలు పైపు తెగి
ముందున్న బండికి రాసుకున్నాడు
పొన్నూరు కుర్రాడు అలీబాషా.
కావాలని కాదని ఎవరూ రాయలేదు.
పది సెకన్లకు ఆరోవాడు ఆఖరివాడయ్యాడు.
నెల తిరక్కుండా
నా షెడ్డు ముందే బండి అమ్ముకుని
బస్సెక్కాడు.

"రేసన్నాక రాసుకోరా? ఇదేమన్నా పెళ్ళి ఊరేగింపా?"
అన్నాడొకాయన పల్లీలు నములుతూ.
నేనన్నాను, గడియారంతో కొలవకండయ్యా,
వాణ్ణి ఎక్కడ వదిలేసి వచ్చాడో
వీణ్ణీ అక్కడే నిలబెట్టండి, వాడికి ఒక్క అడుగు వెనక.
సెక్రటరీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"మొన్న డిసెంబర్లో ఏసుపాదమే
వంశీని గోడకు నొక్కాడు మేస్త్రీ.
ఆ రోజు నువ్వు లేవు, రేకు చూసినవాడూ లేడు.
దాన్ని ఏ లెక్కలో వేస్తావు?"

నా దగ్గర జవాబు లేదు.
మజ్జిగ వేడెక్కిపోయింది.

రాత్రి వారధి మీద తిరిగొస్తుంటే గుర్తొచ్చింది.
చాలా ఏళ్ళ కింద ఒక జీపు.
ముందు రేకులో గుండ్రటి గుంట,
సైకిలు బెల్లంత.
తెల్లారేసరికి కావాలన్నారు.
నేను అడగలేదు. వాళ్ళు చెప్పలేదు.
రెండువేల రెండొందలకు
అద్దంలా చేసి పంపాను.
రేకు అబద్ధమాడదు, నిజమే.
దానికి అబద్ధం నేర్పడమే కదా నా పని.

సోమవారం పొద్దున్నే
రెండు బళ్ళూ ఒకేసారి వచ్చాయి షెడ్డుకి.
ఒకదాని ముక్కు, ఒకదాని వీపు.
పక్కపక్కనే నిలబెడితే
దెబ్బలో దెబ్బ సరిగ్గా కూర్చుంది.
"ఎంతవుతుంది బాబాయ్?" అన్నాడు వంశీధర్,
పర్సు తీసి.

ధర చెప్పడం నాకు అలవాటే.
సుత్తి చేతిలోనే ఉంది.
పక్క షెడ్డులో ఎవరో
అప్పటికే మొదలెట్టారు,
రేకు మీద ఠంగు ఠంగుమని.